సోమవారం బస్సూ ముప్పై మూడు మూటలూ

ఇది 1954 జూన్ ఏడో తేదీ, సోమవారం, ఉదయం ఏడు గంటల నలభై ఐదు నిమిషాలకు మొదలైంది. ఏడున్నర దాటాక ఎప్పుడో అని రాస్తే సరిపోయేది గానీ నాకు సరిపోదు. ముందురోజే మా నాయన చేతి గడియారాన్ని తపాలా ఆఫీసు గడియారంతో సరిచేసి పెట్టింది నేనే. అప్పటికి నాకు పదమూడేళ్ళ రెండు నెలలు. ఇప్పుడు ఎనభై దాటినా ఆ ఉదయాన్ని తలుచుకుంటే గుండె ఒక్క క్షణం గబగబా కొట్టుకుంటుంది (డాక్టరుకు ఈ సంగతి చెప్పలేదు).

ఆ రోజుల్లో మా ఊరికి కొత్తగా ఒక దర్జా పట్టుకుంది. అంతకు ముందు అక్టోబరులో కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులు గుడారాల్లో దిగాయి, గుమాస్తాలకు ఇళ్ళు దొరకలేదు, దొరికిన ఇళ్ళకు ముందు తలుపో వెనక గోడో ఏదో ఒకటి లేదు. అప్పుడు అందరి చూపూ కర్నూలుకు నందికొట్కూరు దారిలో తొమ్మిది మైళ్ళ దూరంలో ఉన్న మా ఊరి మీద పడింది. నిన్నటి దాకా జొన్నలకూ పత్తికీ తప్ప ఎవరికీ అక్కరలేని ఊరు, తెల్లవారేసరికి రాజధాని పక్క పట్టణమైంది. మా వాళ్ళు మాట తీరే మార్చేశారు. కర్నూలుకు పోయొస్తామనడం మానేసి "అట్ల లోపలికి పోయొస్తాం" అనడం మొదలుపెట్టారు, ఏదో పడసాలలోంచి వంటింట్లోకి పోతున్నట్టు. మైలురాయి మీది తొమ్మిదిని చెరిపి ఏడు చేద్దామని ఒక పెద్దమనిషి సలహా చెప్తే, సగం మంది తప్పేముందన్నారు. మా ఇంటి ముందు భాగంలో ఒక గుమాస్తా అద్దెకు దిగాడు. మద్రాసు నుంచి వచ్చినందువల్ల ఆయన మాకు మద్రాసు సారు. తెల్ల చొక్కాలు ఏడు ఉండేవి ఆయనకు, రోజుకొకటి. సైకిలు మీద కర్నూలు పోయి వచ్చేసరికి చొక్కా ఎర్రమట్టి రంగుకు తిరిగేది.

నా చదువు సంగతి గొడవలోకి తెచ్చింది ఈ మద్రాసు సారే. మా ఊళ్ళో బడి మూడో ఫారంతో (ఇప్పటి ఎనిమిదో తరగతి) సరి. అది నేను పూర్తి చేసి ఇంట్లో కూర్చున్నాను. "ఇంత లెక్కలొచ్చే పిల్లను ఆపేస్తారా అండీ? కర్నూల్లో ఆడపిల్లల హైస్కూలు ఉంది కదా" అని ఆయన అనగానే మా నాయన ముఖం వెలిగింది, మా అవ్వ ముఖం ముడుచుకుపోయింది. (అవ్వ అంటే మా నాయనమ్మ. ఇంట్లో పంచాంగమూ, బీగాలూ, చివరి మాటా ఆమెవే.) "తొమ్మిది మైళ్ళు. ఆడపిల్ల. ఎట్ల పోతాది, యాడ దిగుతాది?" అంది. సరిగ్గా అప్పుడే, జూన్ ఒకటో తేదీ నుంచి, కర్నూల్లో బస్సులు నడిపే సాయిబు ఒకాయన మా ఊరికి ఒక బస్సు వేశాడు. పొద్దున ఏడూ నలభై ఐదుకు పోతుంది, సాయంత్రం ఆరింటికి తిరిగొస్తుంది. బస్సు నిలబడితే నాలుగో ఫారంలో చేరుస్తామనీ, బస్సు ఆగిపోతే చదువూ ఆగిపోయినట్టేననీ నాయనా అవ్వా ఒక మాటకొచ్చారు. ఆ మాట విన్నప్పటి నుంచీ ఆ బస్సు నాదే. మంగళవారం నుంచి ఆదివారం దాకా రోజూ పొద్దున పోయి ఎంతమంది ఎక్కారో రాసుకున్నాను. ముప్పై ఒకటి, ముప్పై, ముప్పై రెండు, ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి, ముప్పై రెండు. ముప్పై రెండు సీట్ల బస్సుకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇక ఆ సోమవారం. ఏడూ ముప్పై ఐదుకు బస్సు వచ్చి తిరిగి నిలబడింది. ముప్పై మందికి పైగా అక్కడే ఉన్నారు, చేతుల్లో సంచులతో సహా. ఒక్కరూ కదల్లేదు. కండక్టరు రెండుసార్లు గంట కొట్టాడు.

"ఏమప్పా, ఎక్కరా? బండి పోతాండాది."

"ఎక్కుతాం లేప్పా, తొమ్మిది కానీ" అన్నాడు ముందు నిలబడిన రైతు, నింపాదిగా.

"తొమ్మిదికి నేను కర్నూల్లో టీ తాగుతాంటా."

"తాగి రా పో. మేము ఈడనే ఉంటాం."

సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. మా ఊళ్ళో ఆ గంటన్నరలో కొత్త చీపురు కూడా గుమ్మం దాటదు. అంతవరకూ ప్రయాణం మనిషి వీలును బట్టి జరిగేది. బండి ఎవరిది వారిది, ఎద్దులకు తొందర లేదు. గడియారాన్ని బట్టి కదిలే ప్రయాణం మాకు అదే మొదలు. ఆ రోజు బస్సులోకి ఎక్కినవి రెండే: మద్రాసు సారు ఒకరు, ఆయన టిఫిన్ క్యారియరు ఒకటి.

సాయంత్రం సాయిబు స్వయంగా వచ్చాడు. పొడవాటి మనిషి, గడ్డం తెలుపు, మాట మెత్తన. అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "చూడండప్పా, మీ రాహువుతో నాకు తగాదా ల్యా. కానీ వారానికొగ దినం ఖాళీ బండి నడపలేను. వచ్చే సోమవారం నేనే వచ్చి ముందు సీట్లో కూర్చొని లెక్క పెడతా. ముప్పై మంది ఎక్కితే బస్సు మీది. ఇరవై తొమ్మిదైనా సరే, బండిని ఇంకో ఊరికి తిప్పుకుంటా." ఏడున్నరకు ముందే బస్సును పంపమని నాయన అడిగాడు. కర్నూలు నుంచి వచ్చి తిరగాలి కదా, అంతకన్నా ముందు కాదన్నాడు సాయిబు. వచ్చేదే ఏడూ ముప్పై ఐదుకు. ఐదు నిమిషాలు. ఐదే నిమిషాల దగ్గర నా నాలుగో ఫారం ఆగిపోయింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు (మామిడిపండు తిన్నాను, బనగానపల్లెది, అది లెక్కలోకి రాదు).

మూడు రోజులు అవ్వ వెంటపడ్డాను. రాహువుకు బస్సు కనిపిస్తుందా అన్నాను. ఇంజను చప్పుడుకు పారిపోడా అన్నాను. ఆమె పప్పు ఏరుకుంటూనే ఉంది. గురువారం మధ్యాహ్నం చేట పక్కన పెట్టి, "ప్రస్థానం పెడితే పోతాది గదా" అంది, ఉప్పు వేస్తే సరిపోతుంది కదా అన్నంత తేలిగ్గా. ఈ కాలం వాళ్ళకు తెలియదేమో, చెప్తాను. చెడు వేళలో బయలుదేరక తప్పనప్పుడు, ముందే ఒక మంచి వేళ చూసి, కట్టుబట్ట ఒకటీ, గుప్పెడు బియ్యమూ, బెల్లం ముక్కా, పసుపు కుంకుమలూ మూట కట్టి, పోవలసిన దిక్కులో వేరేవాళ్ళ ఇంట్లో పెట్టి రావాలి. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. తర్వాత మనిషి ఏ వేళలో కదిలినా అది బయలుదేరడం కాదు, సాగడం. దారిలో ఆ మూటను అందుకుని పోవాలి, అంతే. ఒక మనిషికి పనికొచ్చే ఉపాయం ఊరికి ఎందుకు పనికిరాదు? నేను ఇల్లిల్లూ తిరిగాను. సోమవారం కర్నూల్లో ఏమీ పని లేని వాళ్ళు కూడా, నా ముఖం చూసో, అవ్వకు జడిసో, సరేనన్నారు.

మూటలు ఎక్కడ పెట్టాలన్నది నేనే తేల్చాను. కర్నూలు దిక్కున, బస్సు ఆగే చోటికి పక్కనే, ఊరికి చిట్టచివరి ఇల్లు రేవు పెద్దక్కది. ఊరి బట్టలన్నీ ఉతికే చాకలి ఇల్లు. పెద్దక్క పడీపడీ నవ్వి "పెట్టుకోండి పాపా, నా ఇంట్లో మూటలకు కొదవా" అంది. (ఆ మాట దగ్గరే నాకు బుద్ధి వచ్చి ఉండాలి.) ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నర దాకా యమగండం, నాలుగున్నర నుంచి రాహుకాలం. అందుకని రెండు నుంచి నాలుగుంబావు దాకా మాత్రమే మూటలు తీసుకుంటానని చాటించాను. నాలుగు గంటల పదిహేడు నిమిషాలకు వచ్చిన ఒకాయనతో వాదన పెట్టుకుని, నాయన కళ్ళెర్ర చేశాక తీసుకున్నాను. మొత్తం ముప్పై మూడు మూటలు. నోటు పుస్తకంలో రెండు పేజీల నిండా మూట వరుస, మనిషి, మూట గుడ్డ రంగు. ముప్పైకి పైన మూడు ఎందుకంటే, చివరి నిమిషంలో ఎవరికైనా తుమ్ము వస్తే ఉంటాయని. ఇంత చేసినదాన్ని, ఒక్క సంగతి రాసుకోలేదు. పెద్దక్క మొగుడు, మా రేవు మామ, కోయిలకుంట్లలో కూతురి ఇంటికి పోయి ఉన్నాడు. ఆయన ఆ సాయంత్రమే తిరిగి వస్తాడనీ, వస్తే ఎవరో ఒకరు ఆయనకు చెప్పాలనీ నాకు తట్టలేదు. పెద్దక్కకూ తట్టలేదు.

జూన్ పద్నాలుగు. ఏడూ ముప్పైకల్లా అందరం చేరాం. అవ్వ పట్టుచీర కట్టింది. సాయిబు ముందు సీట్లో కాగితమూ పెన్సిలూ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మూటలు తెద్దామని నేను పెద్దక్క పంచలోకి పోయాను. పంచ ఖాళీగా ఉంది. మూటలు లేవు. ఒక్కటీ లేదు. గాడిదలు కూడా లేవు. ఉతికిన బట్టలు ఇచ్చి రావడానికి తెల్లారకముందే ఊళ్ళోకి పోయిన పెద్దక్క అప్పుడే తిరిగొచ్చి, ఖాళీ పంచ చూసి, నెత్తిన చేయి పెట్టుకుంది.

"అయ్యో పాపా, మా ముసిలోడు. ఐదింటికే గాడిదల మీద ఏసుకొని రేవుకు పోయినట్టుండాడు."

ఆయన పని తీరు అది. మూటను మూటగానే నీళ్ళలో పడేసి, రెండు మూడు గంటలు నానాక ముడి విప్పడం. బట్టలుతికే కాలువకు ఇంకా నీళ్ళు వదల్లేదు. వంతెన కింద మడుగులో మాత్రం మోకాలి లోతు ఉండేవి. మా ముప్పై మూడు ప్రయాణాలూ ఆ మడుగులో నానుతున్నాయన్నమాట.

సంగతి జనంలోకి పోయింది. ఒకడు ఇంటిదారి పట్టాడు. "మూట ల్యాకుండా ఎట్ల ఎక్కేది? ప్రయాణం నీళ్ళలో కలిసిపాయె" అన్నాడు. వాడి వెనక ఇంకో నలుగురు. సాయిబు గొలుసు గడియారం తీసి చూసి, "ఇంకా ఆరు నిమిషాలుండాది" అన్నాడు, మెత్తగానే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు ఒక లెక్క తట్టింది. అవ్వ దగ్గరికి ఒక్క పరుగు తీశాను.

"అవ్వా, మడుగు కర్నూలు దారిలోనే ఉండాది గదా?"

"ఉండాది. ఏమైతే?"

"మూటలు వెనక్కి పోలేదు గదా. ముందుకే పోయినాయి. నాలుగు ఫర్లాంగులు."

అవ్వ నన్ను కిందికీ పైకీ చూసింది. తర్వాత పెద్దక్క వైపు తిరిగింది. కోర్టులో ప్లీడర్లు కూడా అంత నిదానంగా అడగరు.

"గాడిదలు ఎన్ని గంటలకు కదిలినాయి?"

"ఐదింటికమ్మా. నేను ఊళ్ళోకి పోయేటప్పుడే మా ముసిలోడు గాడిదలను ఇప్పుతాండె."

"ఐదింటికి రాహుకాలం ల్యా."

"ల్యాదు" అన్నాను నేను, ఎవరూ అడక్కుండానే.

"గాడిద శకునం శానా మంచిది." అవ్వ జనం వైపు తిరిగి గొంతు పెంచింది. "ఇనండప్పా. మన ప్రయాణం పొద్దున ఐదింటికే గాడిదెక్కి శుభంగా పోతాండాది. మనమే వెనకబడినాం. ఎక్కండి." ఆమే ముందు ఎక్కింది. జీవితంలో మొదటిసారి బస్సెక్కుతూ, మెట్టుకు దండం పెట్టి, కుడికాలు లోపల పెట్టి, సాయిబు వెనక సీటులో కూర్చుంది. జనం ఆమె వెనక తోసుకుంటూ ఎక్కారు. ఇంటికి పోయిన ఐదుగురు మాత్రం తిరిగి రాలేదు. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ముప్పై మూడులో ఐదు పోతే ఇరవై ఎనిమిది. మద్రాసు సారుతో ఇరవై తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాను. లెక్క మారే రకం కాదు. సాయిబు కూడా పెన్సిలు ఆపి నా వైపు చూశాడు. ఆయనకూ ఇరవై తొమ్మిదే వచ్చినట్టుంది.

బస్సు ఇంజను స్టార్టయింది. కింద పెద్దక్క ఒక్కతే నిలబడి ఉంది. నేను కిటికీలోంచి చేయి చాపి "ఎక్కు పెద్దక్కా, ఎక్కు" అని అరిచాను.

"నాకు మూట ల్యాదు గదా పాపా" అంది ఆమె. అని, ఒక్క క్షణం ఆలోచించి, కొంగు బిగించింది. "నా మొగుడు పొద్దునే ముందర పోయినాడు గదా. వాడే నా మూట అనుకొంటా. అదీగాక వాడు బండకేసి బాదక ముందే నేను పోవల్ల." కండక్టరు చేయి పట్టి లాగాడు. ముప్పై. సాయిబు కాగితం మీద ఆ అంకె వేసి, దాని కింద రెండు గీతలు గీశాడు. ఏడూ నలభై ఐదు దాటి ఒక నిమిషం.

వంతెన దగ్గర బస్సు ఆగింది. దిగబోయిన వాళ్ళను అవ్వ గద్దించింది. "దిగితే మళ్ళా ఎక్కల్ల. మళ్ళా ఎక్కితే కొత్త ప్రయాణం. ఎవురూ దిగొద్దు." ఆ మాట తనకు కాదన్నట్టు పెద్దక్క ఒక్కతే దూకి (ఆమె మూట అక్కడే కదా ఉంది) మడుగులోకి దిగింది. ముప్పై మూడు పసుపు పొట్లాలు కరిగిన మడుగు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మోకాలి లోతు పప్పుచారులో రేవు మామ నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా పచ్చగా అయి, ఒక బెల్లం ముక్క నములుతున్నాడు.

"ఊరంతా ఒగే తూరి గుడ్డలేసినారే అనుకొంటి. బియ్యం ఎందుకు ఏసినారా అని ఇప్పుడే ఆలోచన చేస్తాండా" అన్నాడు.

"ఆలోచన నిన్న చేయల్ల" అంది పెద్దక్క.

మొగుడూ పెళ్ళాలు మూటలు ఒక్కొక్కటే పిండి కిటికీల్లోంచి అందించారు. నేను దర్జాగా నోటు పుస్తకం తెరిచి "ఒకటో నంబరు, తెల్ల గుడ్డ" అని చదివాను. పెద్దక్క ఎత్తి చూపించింది పచ్చగుడ్డ. "రెండో నంబరు, తెల్ల గుడ్డ." పచ్చగుడ్డ. ముప్పై మూడింటిలో ఇరవై ఆరింటి పక్కన నేను "తెల్ల గుడ్డ" అనే రాశాను. సీట్ల మీద తగాదాలు మొదలయ్యాయి. నా పంచె అంటే నా పంచె. మా నాయన ఒళ్ళో ఎవరిదో రవిక పడింది. మద్రాసు సారు మాత్రం నవ్వుతూ కూర్చున్నాడు, ఆయనకు మూట లేదు కదా అని. అప్పుడు పెద్దక్క ఆరు చొక్కాలు ఒకేసారి ఎత్తింది. ఆయన ఆదివారం ఉతుక్కు వేసినవి. నవ్వు ఆగింది. ఏడోది ఆయన ఒంటి మీద ఉంది, దాని మీదా పక్క కిటికీ మూట నీళ్ళు కారుతున్నాయి.

"ఆఫీసులో ఏం చెప్పమంటావమ్మా?" అని నన్ను అడిగాడు.

"పెండ్లి అని చెప్పు సారూ" అన్నాడు కండక్టరు.

కర్నూల్లో దిగాక మాలో సగానికి పైగా జనానికి ఏ పనీ లేదన్న సంగతి బయటపడింది. కొండారెడ్డి బురుజు పక్కన గోడ మీద తడి బట్టలు ఆరేసుకుని వరుసగా కూర్చున్నారు. దారిన పోయే ప్రతివాడూ "పెండ్లి యాడిదప్పా?" అని అడగడం, మా వాళ్ళు గంభీరంగా "ఈ పాపది బడి" అని నన్ను చూపించడం. మాకు మాత్రం తీరికలేదు. తొమ్మిదికి రాహుకాలం పోతుంది, పదిన్నరకు యమగండం వస్తుంది. ఈ మధ్యలో నన్ను బడిలో చేర్చాలి. అవ్వ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడిచిన వేగానికి నాయనకు ఆయాసం వచ్చింది. బడి ఆఫీసు తెరిచేసరికి పది. గుమాస్తా కళ్ళజోడు తుడుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నా పావడా అంచు పచ్చగా, చేతిలో పచ్చమూట, వెనక పచ్చటి నాయన. పెద్ద పంతులమ్మ మమ్మల్ని చూసి "మంచి రోజు చూసుకుని వచ్చినట్టున్నారు" అంది. "రోజు కాదమ్మా, గంట. ఇంకా పన్నెండు నిమిషాలుండాది. తొందరగా రాయి" అంది అవ్వ. పది గంటల ఇరవై రెండు నిమిషాలకు నాలుగో ఫారం రిజిస్టరులో నా పేరు ఎక్కింది. సిరా ఆరేదాకా అవ్వ ఆ పేజీ వైపే చూస్తూ నిలబడింది. ఆమెకు చదువు రాదు. నా పేరు ఏ వరుసలో ఉందో చూపించమని అడిగి, దాని మీద వేలు పెట్టకుండా, కొంచెం పైన గాలిలో వేలు ఉంచింది.

బస్సు నిలబడింది. సాయిబు ఆ తర్వాత సోమవారాల లెక్క ఎప్పుడూ అడగలేదు. నేను ఆ బస్సులో మూడేళ్ళు పోయాను, ఆ పైన ఇంకా చదివాను, ఆ పైన ముప్పై ఒక్క సంవత్సరాలు ఆడపిల్లలకు లెక్కలు చెప్పాను. గడియారంలోని ఏ గంటా ఇంకో గంటకన్నా చెడ్డది కాదని ప్రతి తరగతికీ నల్లబల్ల మీద వేసి మరీ నిరూపించాను. సోమవారాలు మాత్రం ఏడూ ఇరవైకే ఇంట్లోంచి బయటపడేదాన్ని. నమ్మకం కాదు. ఎందుకైనా మంచిదని.

ఆ రోజు పోయినవి ఇవి. బియ్యం, ముప్పై మూడు గుప్పెళ్ళు. బెల్లం ముక్కలు ముప్పై మూడు, అందులో రేవు మామ తిన్నానని ఒప్పుకున్నవి రెండు. మద్రాసు సారు తెల్ల చొక్కాలు ఏడు (రంగు పోలేదు, తెలుపు పోయింది). అవ్వ పట్టుచీర అంచు, ముళ్ళకంపకు తగిలి, జానెడు. నా నోటు పుస్తకంలో రెండు పేజీలు, నీళ్ళు పడి. బస్సెక్కిన ముప్పై మందిలో ఇరవై తొమ్మిది మంది, ఒకరి తర్వాత ఒకరు, ఈ డెబ్బై ఏళ్ళలో. ఎవరూ తమదని ఒప్పుకోని పచ్చ పంచె ఒకటి మిగిలింది. అది నా దగ్గరే ఉంది కనుక పోయినవాటిలో చేర్చలేదు.